అంకాలమ్మ చెప్పిన మాటకు ఇంగ్లీషు

మొగపాళెం, వాకాడు పోస్టు
12-1-1961

పెద్దమ్మకు నవోమి వందనాలు.

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి చేరాయి. వాకాడులో బస్సు దిగి ఇసుకలో మూడు మైళ్లు నడిస్తే గానీ ఈ ఊరు రాదు. టపా మనిషి వారానికి రెండుసార్లే ఆ నడక నడుస్తాడు. కనుక నా జవాబు ఆలస్యమైతే మరిచానని అనుకోకు.

నేను ఉంటున్నది అంకాలమ్మ అనే ఆమె ఇంటి వసారాలో. భర్త సముద్రం మీద చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. ఆమె చేపల గంప ఎత్తుకుని వాకాడు పోయి అమ్ముకొస్తుంది. పాళెంలో ఏ తగవు వచ్చినా మగవాళ్లు కూడా ఆమె మాట వింటారు. నా గాజు గొట్టాలు, సీసాలు ఆమె వంటింటి అటక మీదే ఉన్నాయి. ఒక్కటీ పగల్లేదు.

ఇక్కడి పని నీకు సరిగ్గా చెప్పలేదు కదా. రెండేళ్ల కిందట చెంచురామయ్య అనే కాంట్రాక్టరు ఉప్పుమడులు వేశాడు. వాటికి సముద్రపు నీళ్లు రావడానికి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నుంచి, పాళెం వెనకగా ఒక కాలవ తవ్వించాడు. ఆ తర్వాతే తమ బావులు ఉప్పుబారాయని పాళెం వాళ్ల అర్జీ. ఆ బావులు ముందునుంచీ ఉప్పేననీ, పాళెమే రెండు మైళ్లు పడమటికి జరిగితే అందరికీ మంచిదనీ కాంట్రాక్టరు అర్జీ. అరవై రెండు ఇళ్లు. నీళ్లు పరీక్ష చేసి సంగతి తేల్చమని మా శాఖకు వచ్చింది. మా శాఖలో తీరానికి రావడానికి ఒప్పుకున్నది నేనొక్కదాన్నే.

మూడు నెలలుగా అయిదు బావుల నీళ్లు కొలుస్తున్నాను. కాలవకు దగ్గరున్న బావిలో లక్ష పాళ్ల నీటికి నూట నలభై పాళ్లు ఉప్పు. దూరం పోయేకొద్దీ తగ్గుతోంది. పన్నెండు పేజీలు రాశాను, ఇందులో పెట్టాను. మార్చి ఆఖరుకు ఇవ్వాలి. ఇంగ్లీషు దిద్దిపెట్టు. ముఖ్యంగా ఆర్టికల్స్ చూడు, అవి నాకు ఎప్పుడూ కుదరవు.

నీ నవోమి


బోగోలు
25-1-1961

నవోమికి పెద్దమ్మ దీవెనలు.

ఆర్టికల్స్ దిద్దాను. ముప్పై ఒకటి. వాటి గురించి బెంగపడకు. అవి తప్పులే గానీ పాపాలు కావు. నీ పాపాలన్నీ క్రియల్లో ఉన్నాయి.

'ప్రూవ్' అని ఏడుచోట్ల రాశావు. మూడు నెలలు నీళ్లు కొలిచి రుజువైపోయిందని ఎట్లా అంటావు? కాలవ తవ్వకముందు ఆ బావుల్లో నీళ్లు ఎవరైనా కొలిచారా? లేదని నువ్వే మూడో పేజీలో రాసుకున్నావు. మూడో పేజీలో లేనిది పదో పేజీకి ఎక్కడినుంచి వచ్చింది? 'సజెస్ట్' అని రాయి. నీ అంకెలు ఒక వైపు మొగ్గుతున్నాయని, ఇంకా తేలలేదని దానికి అర్థం. నీ దగ్గర ఉన్నది అంతే.

బావి ఉప్పైందన్న అంకాలమ్మ మాట దగ్గర 'క్లెయిమ్' అన్నావు. ఆ మాట ఎందుకు వాడావో నీకు తెలుసా? తెలియకపోతే కొట్టెయ్. ఎర్ర సిరా అయిపోయి ఆఖరి రెండు పేజీలు పెన్సిలుతో దిద్దాను.

ఇక్కడ రొయ్యపొట్టు బాగా వస్తోంది. ఎండబెట్టి పంపుదామంటే నువ్వు ఉండేదే సముద్రం ఒడ్డున. ఎవరైనా నవ్విపోతారు. నా కోడిపెట్ట పదకొండు గుడ్ల మీద కూర్చుంది.

రెబెక్కమ్మ


మొగపాళెం
6-2-1961

పెద్దమ్మకు,

నువ్వు దిద్దిన కాగితాలు అందాయి. ఆర్టికల్స్ మార్చుకున్నాను. క్రియల దగ్గర మాత్రం చెయ్యి ఆడలేదు.

ఇక్కడి ఆడవాళ్లు రోజుకు రెండు మైళ్లు పోయి నీళ్లు తెచ్చుకుంటున్నారు. నెలలు నిండిన మనిషి కూడా బిందె ఎత్తుకొస్తోంది. ఇదంతా చూస్తూ 'నా అంకెలు ఒక వైపు మొగ్గుతున్నాయి' అని రాస్తే విచారణ చేసేవాళ్లు ఏమనుకుంటారు? ఈ అమ్మాయికే నమ్మకం లేదు, మనకెందుకు అనుకుంటారు. చిన్నప్పటినుంచీ నువ్వు నన్ను తగ్గి ఉండమనే చెప్పావు. తగ్గడానికి ఇది చోటు కాదు.

'క్లెయిమ్' మా ఆఫీసులో పాత రిపోర్టులన్నిట్లో ఉంది. చూసి రాశాను. అందులో తప్పేమిటో నువ్వు చెప్పలేదు.

ఇంకొక సంగతి. మొన్న కాలవ గట్టు మీద చెంచురామయ్య కనిపించాడు. "బోగోలు పెద్ద టీచరమ్మ మీ పెద్దమ్మే గదా? బలే నిదానం మనిషి. ఆమె మాట వింటే నీకు మేలే జరగతాది" అన్నాడు. నీకు ఆయన ఎట్లా తెలుసు?

నవోమి


బోగోలు
10-2-1961

నవోమికి,

నీ జవాబు ఇంకా రాలేదు. టపా మనిషి ఇసుకలో ఎక్కడ కూర్చున్నాడో.

నిన్న చెంచురామయ్య ఇంటికి వచ్చి పోయాడు. నువ్వు చెప్పిన ఉప్పుమడుల మనిషి ఈయనేనట. మాట మర్యాద తెలిసినవాడే. నీ గురించి అడిగాడు. చదువుకున్న పిల్ల ఆ ఇసుకలో ఎట్లా ఉంటోందో అని బాధపడ్డాడు.

నేను పోయిన ఉత్తరంలో చెప్పింది మరిచిపోకు. పెద్ద మాటలు రాసి చిక్కుల్లో పడొద్దు. మాట ఎంత చిన్నదైతే అంత మంచిది. ఆ కాగితం మీద ఉండేది నీ సంతకం.

గుడ్లలో తొమ్మిది పిల్లలయ్యాయి.

పెద్దమ్మ


మొగపాళెం
20-2-1961

పెద్దమ్మకు,

నేను అడిగిన ప్రశ్నకు, అది నీకు చేరకముందే జవాబు వచ్చింది. ఆయన నీ ఇంటికి వచ్చాడు. మర్యాదగా మాట్లాడాడు. మాట తగ్గించమని నువ్వు నాకు మళ్లీ రాశావు.

నిన్ను నేను ఎప్పుడూ ఇట్లా అనుకోలేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. నీ మాటకు ఎదురు చెప్పడం ఇదే మొదలు. ఈ రిపోర్టులో 'ప్రూవ్' ఉంటుంది. ఏడుచోట్లా ఉంటుంది. ఇకమీద నీకు కాగితాలు పంపను. దిద్దే శ్రమ నీకు వద్దు.

నవోమి


బోగోలు
3-3-1961

నవోమికి,

నీ ఉత్తరం చేరి ఆరు రోజులైంది. మొదటి రోజే జవాబు రాసి చించేశాను. కోపంతో రాసింది నిలవదు.

ముందు చెంచురామయ్య సంగతి. ఆయన కూతురిని మా పాత బడిలో చేర్చడానికి సిఫారసు అడగడానికి వచ్చాడు. రాసిచ్చాను. పిల్ల తెలివైనది. వెళ్లేటప్పుడు నీ రిపోర్టు మాట ఎత్తాడు. "ఆ సంగతి నా ఇంట్లో మాట్లాడొద్దు నాయనా" అన్నాను. అక్కడితో ఆగాడు. ఇది నీకు ముందే రాయాల్సింది. రాయకపోవడం నా పొరపాటు. నా మాటకు నువ్వు ఆ అర్థం తీస్తావని నాకు తోచలేదు.

ఇప్పుడు ఎవరికీ చెప్పనిది ఒకటి చెబుతాను. క్రియల దగ్గర నాకు ఇంత పట్టుదల ఎందుకో నువ్వు తెలుసుకోవాలి.

1937లో నేను ఆ బడిలో సీనియర్ టీచర్ని. ఇందిరమ్మ అని కొత్తగా ఒక టీచర్ చేరింది. ఇరవై రెండేళ్లది. నెమ్మదస్తురాలు. పెద్ద పరీక్షల ముందు బీరువాలో పెట్టిన ప్రశ్నపత్రాల కట్ట ఒకటి కనిపించలేదు. బడి నడిపే దొరసాని ఊళ్లో లేదు. విచారించి ఇంగ్లీషులో రిపోర్టు పంపమని నాకు కబురు చేసింది. అందరినీ పిలిచి అడిగాను. ఇందిరమ్మ తనంతట తానే, "శనివారం తాళంచెవి నా దగ్గరే ఉండిందమ్మా" అని చెప్పింది. అడగకముందే చెప్పింది. దాచాలన్న ఆలోచనే లేని పిల్ల.

నేను ఏమి రాశానో తెలుసా? 'షి అడ్మిటెడ్' అని రాశాను. తాళంచెవి తన దగ్గర ఉన్నట్టు ఒప్పుకుంది అని. 'సెడ్' అంటే మరీ పసిపిల్లల ఇంగ్లీషులా ఉందని నాకు తోచింది. దొరసాని నా భాషను మెచ్చుకోవాలని ఉండేది. అంతే, ఇంకే దురుద్దేశమూ లేదు. కానీ ఒప్పుకోవడమంటే ముందు ఒక తప్పు ఉండాలి గదా. ఆ తప్పును ఆ పిల్ల నెత్తిన పెట్టింది నా క్రియ ఒక్కటే. దొరసాని వచ్చీ రాగానే ఇందిరమ్మను పంపేసింది. వేసవి సెలవుల్లో గది సున్నం కొట్టించేటప్పుడు ప్రశ్నపత్రాల కట్ట పటాల పెట్టె అడుగున దొరికింది. ఎవరో పొరపాటున అందులో పెట్టారు. నేను దొరసానికి చెప్పాను. ఆమె, "పాపం" అంది. రిపోర్టు దిద్దుతానని నేను అడగలేదు. ఇందిరమ్మ ఎక్కడికి పోయిందో వెతకలేదు.

నువ్వు తగ్గాలని నేను ఎన్నడూ కోరలేదు. నీ మాట నీ చేతిలో ఉన్నదానికంటే పొడుగుండకూడదు, పొట్టిగానూ ఉండకూడదు. 'ప్రూవ్' అన్నావంటే కాంట్రాక్టరు ప్లీడరు ఆ ఒక్క మాట పట్టుకుని పన్నెండు పేజీలూ చించేస్తాడు. 'క్లెయిమ్' అన్నావంటే అంకాలమ్మ చెప్పినదాన్ని నువ్వే ముందుగా అనుమానించినట్టు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండూ పాళెం వాళ్లకే చేటు.

కాగితాలు పంపడం మానకు. కోపం ఉంటే ఉండనీ, కాగితాలు మాత్రం పంపు.

రెబెక్కమ్మ


మొగపాళెం
16-3-1961

పెద్దమ్మకు నవోమి వందనాలు.

నీ ఉత్తరం గట్టు మీద నిలబడే చదివాను. ఏమని క్షమాపణ అడగాలో తెలియలేదు. నీ మీద నేను మోపిన మాటకు నా దగ్గర ఉన్న ఆధారమెంత? ఒక మనిషి మర్యాదగా మాట్లాడాడన్న సంగతి ఒక్కటే. అంత తక్కువ ఆధారంతో నీళ్ల గురించి కూడా నేను అంత పెద్ద మాట రాయలేదు. నన్ను మన్నించు.

ఇందిరమ్మగారి గురించి నేనేమీ అనలేను. నువ్వు చెప్పినందుకు మాత్రం నాకు చాలా ధైర్యం వచ్చింది.

ఆ సాయంత్రమే అంకాలమ్మను కూర్చోబెట్టి నా రిపోర్టులో ఆమె మాట చదివి తెలుగులో చెప్పాను. వల బాగుచేసుకుంటూ విన్నది.

"నేను చెప్పినదానికి ఇంగ్లీషులో ఏం మాట ఏసినావు?" అని అడిగింది.

"క్లెయిమ్ అని రాశాను. అంటే నువ్వు అట్లా అంటున్నావు, నిజమో కాదో మాకు తెలియదు అని."

ఆమె వల పక్కన పెట్టింది. "నేను నీతో 'ఉప్పైందంట' అని చెప్పినానా? పక్క పాళెంలో బావి ఉప్పైందంట. అది నేను చూళ్లా, అందుకే 'అంట' అంటా ఉండా. నా బావి ఉప్పైంది. చేద ఏసింది నేను, నోట్లో పోసుకునింది నేను. ఆడ 'అంట' యాడిది?"

మన భాషలో చిన్నపిల్లలు కూడా పొరబడని తేడా అది. చూసినది వేరు, విన్నది వేరు. ఇంగ్లీషులో రాయడానికి కూర్చునేసరికి ఆమె చూసినదాన్ని తీసుకుపోయి 'అంట'లో కలిపేశాను.

"ఎప్పటినుంచి ఉప్పైంది, నీకెట్లా తెలిసింది, సరిగ్గా చెప్పు" అన్నాను.

"కాలవ తవ్విన యేడు. ముక్కోటి పోయినాక పది దినాలు. కందిపప్పు పొద్దన పొయ్యి మీద పెడితే మద్యాన్నానికీ ఉడకలా. అంతకుముందు నాలుగు పొంగులకే మెత్తబడేది. పప్పు పాతదేమోనని వాకాడు పోయి వేరే తెచ్చినా. అదీ ఉడకలా. అప్పుడు నీళ్లు మార్చి చూసినా. ఉడికింది."

పెద్దమ్మా, ఇంతకంటే మంచి పరీక్ష మా ప్రయోగశాలలో ఎవరు చేస్తారు? పప్పు మార్చి చూసింది. నీళ్లు మార్చి చూసింది. రెండూ ఒకేసారి మార్చలేదు.

మర్నాటి నుంచి పదకొండు ఇళ్లకు విడివిడిగా పోయి అడిగాను. ఒకరి మాట ఇంకొకరికి చెప్పలేదు. తొమ్మిది మంది అదే నెల చెప్పారు. ఒకామె గుర్తులేదంది. ఒకామె బావి ముందునుంచీ కాస్త ఉప్పేనంది. అందరివీ రాసుకున్నాను. వీటికి ఏ క్రియ వాడాలి? 'అబ్జర్వ్' అనొచ్చా?

మా పై అధికారి, అసిస్టెంట్ కెమిస్టు విజయభాస్కర్ గారికి, ఎండాకాలం దాకా కొలిస్తే బాగుంటుందని రాశాను. ఎండల్లో మొగ ఇసుక పూడి మూసుకుపోతుందట. అప్పుడు కాలవకు నీళ్లు రావు. ఆయన జూన్ ఆఖరు దాకా గడువు ఇప్పించారు.

నవోమి


బోగోలు
27-3-1961

నవోమికి దీవెనలు.

మన్నించడం ఎప్పుడో అయిపోయింది. ఇక ఆ మాట ఎత్తకు.

అంకాలమ్మ పప్పు విషయంలో 'అబ్జర్వ్' అనొచ్చు. ఆమె కళ్లతో చూసింది, ఒకటి మార్చి ఒకటి ఉంచి చూసింది. మిగతా వాళ్లు నీకు చెప్పారు, నువ్వు విన్నావు. అక్కడ 'రిపోర్టెడ్'. పక్కనే పదకొండులో తొమ్మిది అని రాయి. గుర్తులేదన్న ఆమెను వదిలెయ్యకు. ముందునుంచీ ఉప్పేనన్న ఆమెను అసలు వదిలెయ్యకు. ఆమెను వదిలేస్తే మిగతా తొమ్మిది మందీ నీతోపాటు అబద్ధమాడినట్టే.

మొగ మూసుకుపోయేదాకా ఆగడం మంచి ఆలోచన. ఎండలో తల మీద గుడ్డ వేసుకో. చెబితే వినవు, అయినా చెబుతున్నాను.

కోడిపిల్లల్లో రెండింటిని గద్ద తన్నుకుపోయింది.

పెద్దమ్మ


మొగపాళెం
30-6-1961

పెద్దమ్మకు నవోమి వందనాలు.

రిపోర్టు నిన్న పంపేశాను. అలసిపోయి ఉన్నాను గానీ నీకు అంతా చెప్పాలి.

ఏప్రిల్ రెండో వారంలో మొగ మూసుకుంది. కాలవ ఎండిపోయి అడుగు నెర్రెలు బారింది. వారానికొకసారి కొలుస్తూ వచ్చాను. మొదటి బావి నూట నలభై నుంచి తగ్గుతూ జూన్‌కు ఎనభై ఎనిమిదికి వచ్చింది. రెండు, మూడు, నాలుగు కూడా తగ్గాయి. వాన చుక్క పడలేదు, బావుల్లో ఎవరూ ఏమీ పొయ్యలేదు. మారింది కాలవ ఒక్కటే.

అయిదోది మాత్రం నన్ను చంపింది. సరుగుడు తోట పక్కన, కాలవకు అన్నిటికంటే దూరం. మొదట్లో ఉప్పు అన్నిటికంటే తక్కువే. ఫిబ్రవరి నుంచి ఉప్పు పెరిగి నూట పదికి చేరింది. కాలవ ఎండినా దిగలేదు. నాలుగుసార్లు కొలిచాను. సీసాలు కడిగి కొలిచాను. నూట పదే. ముందునుంచీ ఉప్పేనన్న ఆమె ఇల్లు కూడా ఆ పక్కనే. ఆ బావిని లెక్కలోంచి తీసేస్తే రిపోర్టు ఎంత అందంగా ఉండేదో. రెండు రోజులు ఆ ఆలోచన నన్ను వదల్లేదు. ఆఖరికి పద్నాలుగో పేరాలో ఉన్నదున్నట్టు రాశాను. నాలుగు బావులకు 'షో' అన్నాను, చూపిస్తున్నాయి అని. అయిదోదానికి, కారణం మాకు తెలియదు అని రాశాను. 'ప్రూవ్' ఎక్కడా లేదు.

విజయభాస్కర్ గారు చదివి రెండు మాటలు మార్చి పంపారు. చెంచురామయ్య చెప్పింది 'స్టేటెడ్'. అంకాలమ్మ చెప్పింది 'అలెజ్డ్'. పోలీసు కాగితాల్లో ముద్దాయి మీద మోపేటప్పుడు రాసే మాట. నేను బస్సెక్కి నెల్లూరు పోయాను.

"మనం ఏ పక్షమూ కాదమ్మా. అందుకే ఆ మాట" అన్నారు ఆయన.

"సార్, పదో పేరా, పదకొండో పేరా పక్కపక్కన పెట్టుకుని చదవండి" అన్నాను. "నేను వచ్చిన కొత్తలో ఇద్దరూ ఒకే రోజు, ఒకే గట్టు మీద నాతో చెప్పినారు. ఆయన చెప్తే చెప్పినట్టు, ఆమె చెప్తే నింద వేసినట్టు ఎట్లా అయింది?"

ఆయన చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. చెడ్డ మనిషి కాదు. ఆ తేడా తాను పెడుతున్నట్టు ఆయనకే తెలియదు. "ఇరవై ఏళ్లుగా ఇట్లానే రాస్తా ఉండా" అన్నారు, నాతో కాదు, తనలో తాను. ఇద్దరికీ 'సెడ్' అని రాసి పక్కన సంతకం పెట్టారు. నువ్వు పసిపిల్లల ఇంగ్లీషు అనుకున్న మాటే.

విచారణ సెప్టెంబరులో అంటున్నారు.

నవోమి


బోగోలు
8-7-1961

నవోమికి,

'కారణం మాకు తెలియదు' అన్న నీ వాక్యం మూడుసార్లు చదివాను. నలభై ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను గానీ ఆ వాక్యం రాయడం ఏ పిల్లకూ నేర్పలేదు.

నీకు ఆ సంగతి రాసిన రోజు నుంచి ఇందిరమ్మ నా మనసులోంచి పోవడం లేదు. నిన్ను అన్ని మాటలూ అని నేను ఊరికే కూర్చోవడం న్యాయం కాదు. పాత విద్యార్థులకు ఉత్తరాలు రాసి వెతికిస్తున్నాను. బతికుందో లేదో కూడా తెలియదు.

పెద్దమ్మ


మొగపాళెం
22-9-1961

పెద్దమ్మకు నవోమి వందనాలు.

విచారణ అయిపోయింది. కాలవ గట్టు మీదే బల్ల వేయించి జరిపారు. పాళెం మొత్తం వచ్చింది. చెంచురామయ్య తరఫున ప్లీడరు వచ్చాడు. నా రిపోర్టు మీద గంటన్నర అడిగాడు. ప్రతి వాక్యానికీ, "ఇది మీరు చూసినారా, ఊహించినారా?" అని. చూసిన చోట చూశానన్నాను. ఊహించిన చోట, "అందుకే అక్కడ 'సజెస్ట్' అని రాశాను, చూడండి" అన్నాను.

ఆఖరికి అయిదో బావి బయటికి తీశాడు. "ఈ బావి మీ సిద్ధాంతానికి అడ్డం తిరిగింది గదా. ఎందుకు దాచినారు?"

"దాచలేదు. పద్నాలుగో పేరా" అన్నాను. నా కొలతల కాగితాల కట్ట అతనికి ఎవరు ఇచ్చారో గానీ, రిపోర్టులో ఆ పేజీ మాత్రం తిప్పి చూడలేదు. విచారణ అధికారి తన ప్రతిలో అది చూసి, పెన్సిలుతో గీత గీసి, "ముందుకు పోండి" అన్నారు. నేను తర్వాతి పేజీ తిప్పాను.

అంకాలమ్మను కూడా పిలిచారు. "చదువురాని దానివి, నీళ్లలో ఉప్పు పాళ్లు నీకెట్లా తెలుసు?" అన్నాడు ప్లీడరు.

"పాళ్లు నాకు తెలవదు. అది ఈ పిల్ల పని. పప్పు ఉడకలా. అది నా పని" అంది ఆమె.

నిన్న ఉత్తర్వు వచ్చింది. పాళెం ఎక్కడికీ జరగనక్కర్లేదు. కాలవను పూడ్చి, ఉప్పుమడులకు ఉత్తరం వైపు నుంచి, ఊరికి అర మైలు అవతలగా వేరే కాలవ తవ్వుకోవాలి. అయిదో బావి గురించి ఇంకా పరీక్ష చెయ్యాలని అన్నారు. ఆ పని నాకే ఇచ్చారు. చెంచురామయ్య నా మీద కోపంగా లేడు. "నువ్వు రాసిందాంట్లో నన్ను తిట్టిన మాట ఒక్కటీ లేదు, అందుకే నా ప్లీడరు ఓడిపోయినాడు" అని వెళ్లిపోయాడు. అది మెప్పో నిష్టూరమో నాకు తెలియలేదు.

ఈ పూట పాళెంలో వలలు ఆరేసిన చోటే అందరికీ వంట. నన్ను గరిట కూడా పట్టుకోనివ్వలేదు. నీకు ఇందిరమ్మగారి కబురేమైనా తెలిసిందా?

నవోమి


బోగోలు
11-10-1961

నవోమికి పెద్దమ్మ దీవెనలు.

ఇందిరమ్మ ఉంది. సంగం ఊళ్లో ఉంది. తమ్ముడి ఇంట్లో ఉంటూ, ఆడపిల్లలకు అరుగు మీద ఇంగ్లీషు చెబుతోంది. పాత విద్యార్థిని ఒకతె రాస్తే తెలిసింది. మొన్న సోమవారం బస్సెక్కి పోయాను.

నన్ను చూడగానే గుర్తుపట్టింది. "కూర్చోండి రెబెక్కమ్మగారూ" అంది. జుట్టంతా నెరిసింది. పిల్లలను ఇంటికి పంపేసి ఎదురుగా కూర్చుంది. దారంతా నేను మనసులో కూర్చుకున్నది ఏమీ పనికి రాలేదు. ఏ రోజు ఏం జరిగిందో, నేను ఏ మాట రాశానో, ఎందుకు రాశానో వరుసగా చెప్పేశాను. కట్ట దొరికిన సంగతి కూడా.

ఆమె అంతా విన్నది. తర్వాత, "ఆ రిపోర్టు నాకు చూపించలా. రేపటినుంచి రావద్దన్నారు, అంతే. ఎందుకో ఎవురూ చెప్పలా. నేనేం తప్పు చేసినానో అని ఇరవై నాలుగేళ్లు ఎతుక్కున్నా" అంది.

నవోమీ, నేను చేసింది ఒక అన్యాయమని అనుకుంటూ పోయాను. అక్కడ రెండు ఉన్నాయి. రెండోది నాకు ఆ నిమిషం దాకా తెలియదు.

మన్నించమని అడిగాను. ఆమె మన్నించానని అనలేదు, మన్నించననీ అనలేదు. "ఇప్పుడు ఏం చేస్తారు?" అని అడిగింది. బడి యాజమాన్యానికి రాస్తానన్నాను. ఒక ప్రతి తనకు కావాలంది. లోపలికి పోయి తెల్లకాగితాలు, సిరాబుడ్డి, కలం తెచ్చి నా ముందు పెట్టింది.

రాశాను. మొదటి వాక్యాన్ని తెలుగులో చెప్పాలంటే, '1937 నాటి రిపోర్టులో ఇందిరమ్మ గారు ఒప్పుకున్నట్టు పొరపాటున నమోదు చేయబడినది' అని. చక్కటి ఆఫీసు ఇంగ్లీషు. ఆమె కాగితం తీసుకుని, పిల్లల పలకలు చూసినట్టు వేలు పెట్టి చదివింది.

"ఎవురు రాసినారు ఆ రిపోర్టు?" అంది.

"నేనే గదా ఇందిరమ్మా."

"ఈ వాక్యంలో మీరు లేరే."

ఆ క్రియ కింద గీత గీసి కాగితం నాకు తిరిగి ఇచ్చింది. నేను ఇంకొక కాగితం తీసుకున్నాను. 'ఐ రోట్' అని మొదలుపెట్టాను. ఇందిరమ్మ గారు ఒప్పుకున్నారని నేను రాశాను, ఆమె ఏ తప్పూ ఒప్పుకోలేదు, నేను అడగకముందే నిజం చెప్పారు అని రాశాను. ఆమె చదివి, ఈసారి ఏమీ దిద్దలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చదువు చెప్పేటప్పుడు దగ్గర పెట్టుకునే చిన్న పెట్టెలో పెట్టి మూసింది. మజ్జిగ ఇచ్చింది. తాగాను.

బడి యాజమాన్యానికి రాసిన రెండో ప్రతిని సంగం పోస్టాఫీసులో నా చేతులతో డబ్బాలో వేసి, సాయంత్రం బస్సెక్కాను.

రెబెక్కమ్మ